డిగ్రీ ఎంపిక: తిరుపతిలో నేను ఏటా వినే అపోహలు

తిరుపతిలోని ఒక డిగ్రీ కళాశాలలో పద్నాలుగేళ్లుగా విద్యార్థులకు ఉద్యోగ మార్గదర్శనం చేస్తున్నాను. డిగ్రీ సీట్ల కోసం ఆన్‌లైన్‌లో కళాశాల, కోర్సు ఎంచుకునే వెబ్ ఆప్షన్లు పెట్టే రోజుల్లో పలమనేరు, పుత్తూరు, చంద్రగిరి వైపు నుంచి వచ్చే తల్లిదండ్రులు చెప్పే మాటల్లో కొన్ని పిల్లలకు నిజంగా నష్టం చేస్తున్నాయి.

అపోహ: ఏ డిగ్రీ అయితేనేం, పట్టా ఉంటే చాలు.

వాస్తవం: ఇది సగం నిజం కావడమే అసలు ప్రమాదం. సివిల్ సర్వీసెస్‌కు, బ్యాంకు పీఓ పోస్టులకు, ఐసెట్ రాసి చేరే ఎంబీఏకు ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. కానీ వ్యవసాయాధికారి కావాలనుకున్న అమ్మాయి మన ఎస్వీ వ్యవసాయ కళాశాల వంటి చోట బీఎస్సీ అగ్రికల్చర్ చదవాలి, అందుకు సాధారణంగా ఇంటర్‌లోనే బైపీసీ తీసుకొని ఉండాలి. కొన్నేళ్ల క్రితం బీకాం పూర్తిచేసిన ఒక విద్యార్థి నా దగ్గరకు వచ్చి, తాను గణితం స్కూల్ అసిస్టెంట్ (హైస్కూలు టీచరు) కావాలనుకుంటున్నానని చెప్పాడు. అతను ట్యూషన్లలో లెక్కలు ఎంతో బాగా చెప్పేవాడు, అయినా డిగ్రీలో గణితం లేనందున ఆ పోస్టుకు అర్హత లేదని నేనే చెప్పాల్సి వచ్చింది. మూడేళ్ల ముందు ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. పైగా 2023-24లో ఒకే సబ్జెక్టును ప్రధానంగా చదివే సింగిల్ మేజర్ విధానం వచ్చినప్పుడు, మూడు సబ్జెక్టులను సమానంగా చదివే పాత వెసులుబాటు పోయి, మేజర్ ఎంపిక మరింత కీలకమైంది.

అపోహ: ఇంజనీరింగ్ కాకపోతే శ్రీసిటీ పరిశ్రమల్లో చోటుండదు.

వాస్తవం: యంత్రాల దగ్గర ఐటీఐ, డిప్లొమా చదివినవారు, లెక్కల విభాగంలో బీకాం వారు, నాణ్యత పరీక్షల దగ్గర బీఎస్సీ కెమిస్ట్రీ వారు పనిచేస్తుంటారు. జీఎస్టీ రిటర్ను సొంతంగా వేయగల బీకాం విద్యార్థిని, ఇష్టం లేకుండా బీటెక్ ముగించి నాలుగు సబ్జెక్టులు మిగుల్చుకున్న విద్యార్థి కంటే ముందుగా తీసుకోవడం నేను చూశాను.

అపోహ: తెలుగు, చరిత్ర చదివితే భవిష్యత్తు ఉండదు.

వాస్తవం: గ్రూప్స్ సిలబస్‌లో చరిత్రకు ఉన్న స్థానం చూసినవారు ఈ మాట అనరు.

అందుకే ఆప్షన్లు పెట్టడానికి ముందు, పిల్లలు కోరుకుంటున్న ఉద్యోగానికి ఇటీవల వెలువడిన నోటిఫికేషన్ తీసి, అందులోని విద్యార్హతల పేరాను నా ఎదుటే వారిచేత చదివిస్తున్నాను.