వంకర ఫ్యాక్టరీలు: మోడల్ రైల్వేలో అపోహలు, వాస్తవాలు

బల్ల మీద నడిపే నా బొమ్మ రైలు పక్కన నేను కట్టిన మొదటి ఫ్యాక్టరీ అగ్గిపెట్టెను పెద్దది చేసినట్టు ఉండేది. నాలుగు మూలలూ మూలమట్టం పెట్టి మరీ సరిచూసుకున్నాను. చిక్కల్లా పక్కనుంచి పోయే సైడింగ్‌తోనే, అంటే సరుకు ఎక్కించి దించే పక్క పట్టాలతోనే. అది వంపు తిరిగి ఉంది, నా గోడ తిన్నగా ఉంది. మధ్యలో ముక్కోణంలా ఖాళీ మిగిలింది. పొదలు పెట్టాను, తుప్పు పట్టిన డ్రమ్ములు పడేశాను, చివరికి ఒక లారీ కూడా నిలబెట్టాను. ఎన్ని పెట్టినా అక్కడ ఏదో లోటు కనబడుతూనే ఉంది. ఆ తర్వాత నలుచదరం భవనాలు కట్టడం దాదాపు మానేశాను. కొత్తగా ఈ పనిలో దిగినవాళ్లు గట్టిగా నమ్మే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. లెక్కలన్నీ హెచ్ఓ స్కేల్‌వి, అంటే 1:87. అసలు భవనంలో అడుగు మన దగ్గర 3.5 మి.మీ.

అపోహ: వంకర భవనమంటే మన ఇష్టం, ఎలా కట్టినా చెల్లుతుంది.

చెల్లదు. అసలు ఫ్యాక్టరీలో ఏ వంకరకైనా కారణం ఉంటుంది. చాలాసార్లు ఆ కారణం స్థలమే. రైలు కట్ట వీధులను ఏటవాలుగా కోసుకుంటూ పోయినచోట చీలికల్లాంటి స్థలాలు మిగులుతాయి. కొన్నవాడు అంగుళం వదలకుండా హద్దు దాకా కడతాడు. అప్పుడు భవనం కూడా చీలికలాగే వస్తుంది. ఇక సైడింగ్ వంపు వెంట గోడ కూడా వంగిందంటే, వ్యాగన్ తలుపుకూ ప్లాట్‌ఫారానికీ మధ్య సందు పెరగకూడదని.

మరికొన్నిచోట్ల సరుకే ఆకారాన్ని నిర్ణయిస్తుంది. ధాన్యం గాదెలు గుండ్రంగా ఎందుకుంటాయి? లోపలి గింజలు గోడను బయటికి తోస్తాయి. చదునైన గోడ ఆ తోపుడుకు ఉబ్బుతుంది, గుండ్రటి గోడ చుట్టూ ఉన్న ఇనుప చువ్వలతో దాన్ని పట్టి ఉంచుతుంది. అమెరికాలోని మిన్నెసోటాలో 1899లో పీవీ, హాగ్లిన్ అనే ఇద్దరు కాంక్రీటుతో గుండ్రటి గాదె కట్టి చూపిస్తామంటే, అది పగిలిపోతుందని చాలామంది ఎగతాళి చేశారు. ఆ గాదె ఇప్పటికీ నిలబడే ఉంది. ఇంకో ముచ్చట: వరసగా ఆనించి కట్టిన గాదెల మధ్య నక్షత్రంలా మిగిలే ఖాళీలో కూడా ధాన్యం పోస్తారు. అందుకే మోడల్‌లో గొట్టాలు ఒకదానికొకటి తగిలి ఉండాలి. సందులు వదిలి నిలబెడితే విషయం తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

ఆకారాల కోసం వెతికేవాళ్లకు నేను ముందు చూపించేవి అమెరికాలోని పాత శాన్‌బోర్న్ మ్యాపులు. అగ్ని ప్రమాద బీమా కోసం 1867 నుంచి గీసినవి. మామూలుగా అంగుళానికి 50 అడుగుల చొప్పున ప్రతి భవనం నేల మీద ఆక్రమించే ఆకారమూ అందులో ఉంటుంది. ఇటుక కట్టడానికి గులాబీ రంగు, చెక్క కట్టడానికి పసుపు. చాలావాటిని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆన్‌లైన్‌లో పెట్టింది. ఆ కొలతను సుమారు 6.9 రెట్లు పెంచితే నేరుగా హెచ్ఓ ప్లాన్ అవుతుంది. వాటిని చూస్తూ కూర్చుంటే నాకు రాత్రి ఎంతైందో తెలియదు.

అపోహ: కంప్యూటర్‌లో కచ్చితంగా గీసుకుంటే భవనం దానంతటదే స్థలంలో ఇముడుతుంది.

గీత కచ్చితమే, మన బల్ల కాదు. ఫ్లెక్సిబుల్ ట్రాక్‌ను చేత్తో వంచి మేకులు కొట్టాక, ఆ వంపు ప్లాన్‌లో ఉన్న వంపు కాదు. అందుకే ట్రాక్ పూర్తిగా బిగించాక, స్థలం మీద కాగితం పరిచి, పొడవైన వ్యాగన్‌ను నెమ్మదిగా తోస్తూ దాని అంచు పోయే దారిని పెన్సిల్‌తో గీస్తాను. ఆ గీతకు ఇవతల మిగిలిందే నా స్థలం. కాగితాన్ని అట్ట మీద అంటించి కోస్తాను. భవనానికి పునాది అదే, గోడల సంగతి ఆ తర్వాత.

కోణాలు కొలవడానికి గణితం రావాలంటారు కొందరు. ప్రొట్రాక్టర్ కూడా అక్కర్లేదు. నాలుగు గోడల పొడవులూ, ఎదురెదురు మూలల మధ్య ఒక్క కర్ణం పొడవూ తెలిస్తే చాలు, ఆకారం రెండు ముక్కోణాలై కదలకుండా నిలుస్తుంది. రెండో కర్ణం కూడా కొలిచి పెట్టుకుంటే తప్పు ఎక్కడుందో అదే చెబుతుంది.

అపోహ: అసలు రైల్వే పట్టాలకూ గోడకూ మధ్య వదిలే సందును 87తో భాగిస్తే మనకు సరిపోతుంది.

నా దగ్గర ఎక్కువ పెయింటు గీసుకుపోయింది ఈ నమ్మకం వల్లే. మన వంపులు అసలు వంపుల కంటే చాలా బిగువు. 450 మి.మీ. వ్యాసార్థాన్ని 87తో హెచ్చిస్తే 39 మీటర్లు. పూర్తి పొడవు ప్యాసింజర్ పెట్టెలు అంత చిన్న వంపులో తిరగవు, మనం మాత్రం తిప్పుతాం. దాంతో పెట్టె నడుము లోపలివైపుకు, చివర్లు బయటివైపుకు ఎక్కువగా పొడుచుకొస్తాయి.

నడుము ఎంత జరుగుతుందో తెలుసుకోవడం తేలికే. పెట్టె కింద ముందు చక్రాల సెట్టు, వెనక చక్రాల సెట్టు ఉంటాయి కదా, వాటి కేంద్రాల మధ్య దూరాన్ని దానితోనే హెచ్చించి, వ్యాసార్థానికి ఎనిమిది రెట్లతో భాగించండి. ఆ దూరం 140 మి.మీ. ఉన్న సరుకు వ్యాగన్ ఈ వంపులో 5 మి.మీ. పైగా లోపలికి వస్తుంది. 208 మి.మీ. ఉన్న పొడవాటి ప్యాసింజర్ పెట్టె అయితే సుమారు 12 మి.మీ. నేను వంపు లోపలివైపు కట్టిన ఒక గోదాముకు సరుకు వ్యాగన్లు హాయిగా వచ్చి పోయేవి. ఒకరోజు సరదాకి పొడవైన పెట్టెలు కట్టి తోలాను. మొదటి పెట్టెకే ప్లాట్‌ఫారం చూరు ఊడొచ్చింది. అమెరికా మోడల్ రైల్వే సంఘం ఎన్ఎంఆర్ఏ వారి గేజ్, అంటే సందు సరిచూసే కొలత పలక, చాలా మంచి పనిముట్టు, తిన్నటి ట్రాక్ మీద దాన్ని నమ్మండి. వంపులో మాత్రం మీ దగ్గరున్న అతి పొడవైన పెట్టెనే గేజ్ అనుకోండి.

అపోహ: ముక్కలు అతికించి కట్టుకునే రెడీమేడ్ కిట్లన్నీ నలుచదరమే, వంకర భవనానికి పనికిరావు.

గోడలు పనికొస్తాయి. పనికిరానివి అడుగు పలక, పైకప్పు మాత్రమే, ఆ రెంటినీ చదును షీటుతో చేసుకోవడం ఎంత పని? రెండు కిట్ల గోడలు కలిపి ఐదు మూలల భవనం కట్టుకోవచ్చు. మూలల దగ్గర మాత్రం ఓపిక కావాలి. మూల కోణం ఎంతో అందులో సగానికి రెండు గోడల అంచులనూ అరగదీయాలి. 90 డిగ్రీల మూలకు 45, 60 డిగ్రీల మూలకు 30. ముప్పైకి వచ్చేసరికి అంచు కత్తిలా పలచబడి విరుగుతుంది. అలాంటి ముక్కును కోసేసి సన్నటి చదును గోడ పెట్టేయండి. నిజం తాపీమేస్త్రీలు చేసేదీ అదే: పదునైన మూలలో ఇటుక నిలవదు, బండి చక్రం తగిలినా రాలుతుంది. కాబట్టి ముక్కు చెక్కేసి, అక్కడే ఆఫీసు తలుపు పెట్టిన భవనాలు చాలానే ఉన్నాయి.

ఇటుక వరసలు మూల దాటాక అదే ఎత్తులో కొనసాగాలి. కింది నుంచి లెక్కపెట్టి కలపండి, పై నుంచి కాదు. పైన తేడా వస్తే పిట్టగోడ కప్పేస్తుంది.

అపోహ: చోటు చాలకపోతే అన్నీ ఒకే పాళ్లలో కుదించాలి.

400 అడుగుల మిల్లు హెచ్ఓలో 1.4 మీటర్లు. అంత చోటు ఎవరికుంది? అయితే సగానికి కుదించమంటే కిటికీలనూ తలుపులనూ సగం చేయమని కాదు. కిటికీల వరసలు తగ్గించండి, కిటికీ సైజు తగ్గించకండి. తలుపు ఎత్తు, అంతస్తు ఎత్తు, ప్లాట్‌ఫారం ఎత్తు మనిషికీ వ్యాగన్‌కూ సంబంధించినవి, వాటి జోలికి పోవద్దు.

వాలు కన్వేయర్ల దగ్గర కుదింపు ఇంకా ఇబ్బంది పెడుతుంది. మామూలు బెల్టు మీద బొగ్గు 18-20 డిగ్రీలు దాటితే వెనక్కి జారుతుంది. 30 మీటర్ల ఎత్తుకు 18 డిగ్రీల వాలుతో పోవాలంటే నేల మీద 92 మీటర్లు కావాలి, అంటే మన బల్ల మీద మీటరు పైనే. చోటు లేదని 45 డిగ్రీల్లో పెట్టిన కన్వేయర్లు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది! వాలు కన్వేయర్ తీసేసి బకెట్ ఎలివేటర్ పెట్టండి. గొలుసుకో బెల్టుకో తగిలించిన చిన్న బకెట్లు సరుకును నిట్టనిలువుగా పైకి మోస్తాయి. బయటికి కనబడేది నిలువుగా ఉన్న సన్నటి పెట్టె, పైన చిన్న గది. అరచేతి వెడల్పు చోటులో పని అయిపోతుంది.

అపోహ: రంపపు పళ్ల కప్పు అలంకారం, ఎటు తిప్పి పెట్టినా ఒకటే.

ఆ కప్పులో ప్రతి పన్నుకూ నిలువు వైపున అద్దాలుంటాయి, అవి నీడ వెలుగు కోసం. ఉత్తరార్ధగోళంలో అవి ఉత్తరం వైపు చూడాలి, దక్షిణార్ధగోళంలో దక్షిణం వైపు. నేరుగా ఎండ పడితే నేత పనివాడికి దారం కనబడదు, షెడ్డు కొలిమి అవుతుంది. కాబట్టి మీ బల్ల మీది లేఅవుట్‌లో ఉత్తరం ఎటో ముందే తేల్చుకోండి. గోడలు ఏటవాలుగా ఉన్నా పళ్లను ఉత్తరానికే తిప్పితే, అవి గోడ దగ్గర ఏటవాలుగా తెగుతాయి. కోయడం నరకమే కానీ చూపు అక్కడే ఆగుతుంది.

అపోహ: గుండ్రటివి, వంపులవి త్రీడీ ప్రింటర్ లేకుండా కుదరవు.

90 మి.మీ. పీవీసీ పైపు హెచ్ఓలో 25 అడుగుల పైన వ్యాసమున్న గాదె, అంతే. వంపు గోడకు అర మిల్లీమీటరు స్టైరీన్ ప్లాస్టిక్ షీట్లు రెండు తీసుకుని, వంపుగా కోసిన చెక్క దిమ్మ మీద ఒకదానిపై ఒకటి అంటించి రాత్రంతా కట్టి ఉంచండి, తెల్లారేసరికి ఆ వంపు అలాగే నిలుస్తుంది. నడుము సన్నగా ఉండే కూలింగ్ టవర్‌ను కూడా తిన్నటి పుల్లలతో కట్టొచ్చు. పైనొక వలయం, కిందొక వలయం పెట్టి, పుల్లలన్నిటినీ ఒకే వైపు ఏటవాలుగా బిగిస్తే నడుము దానంతటదే వస్తుంది. 1918లో డచ్ ఇంజనీర్లు వాన్ ఇటర్సన్, కౌపర్స్ పేటెంట్ తీసుకున్న ఆకారం ఇదే.

అపోహ: మసి పూస్తే తప్పులన్నీ కప్పుకుపోతాయి.

పలుచటి నల్ల రంగు పారేది సందుల్లోకే. అతుకులో వెంట్రుక వాసి ఖాళీ ఉన్నా, మసి పూశాక అది గీత గీసినట్టు కనబడుతుంది. ముందు పుట్టీ పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, బూడిదరంగు ప్రైమర్ కొట్టి చూడండి. ఆ రంగులో దొరికిన తప్పును దిద్దడం పది నిమిషాల పని. పైగా ప్రతి ఫ్యాక్టరీ నల్లగా ఉండదు: సిమెంటు మిల్లు, పిండి మిల్లు తెల్లగా దుమ్ము కొట్టుకుని ఉంటాయి, అదీ ఎక్కువగా లోడింగ్ తలుపు చుట్టూ, గాలి పోయే వైపున.