ఆన్‌లైన్ పాఠాన్ని ఆపి ఆపి వినండి

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవులకు ఆశీస్సులు.

ఇంటరూ డిగ్రీ చదివే మీలో చాలామంది ఇప్పుడు ఫోన్‌లోనే పాఠాలు వింటున్నారు. వినండర్రా, మంచిదే. 2003లో ఐఐటీల పాఠాలు పెట్టే ఎన్‌పీటెల్, 2017లో కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం వచ్చాక, ఐఐటీ ప్రొఫెసరు చెప్పే పాఠం ఫీజు లేకుండా మన ఊళ్ళో కూర్చుని వినొచ్చు. అర్థం కాకపోతే వెనక్కి జరిపి పదిసార్లు వినొచ్చు. క్లాసులో మాస్టారిని అన్నిసార్లు అడగడానికి ఎంతమందికి నోరొస్తుంది?

చిక్కల్లా ఒకటే. వింటున్నంతసేపూ అంతా వచ్చినట్టే ఉంటుంది. లెక్క ఆయన చేస్తుంటారు, మీరు ఊ కొడుతుంటారు. ఫోన్ పక్కనపెట్టి అదే లెక్క మొదలుపెడితే రెండో లైను దగ్గరే పెన్ను ఆగిపోతుంది. అందుకని పది నిమిషాలు విని ఆపండి, విన్నది చూడకుండా నాలుగు లైన్లు రాయండి. లెక్కయితే ప్రశ్న కనపడగానే ఆపి ముందు మీరు చేయండి, తర్వాత ఆయన చేసింది చూడండి. తేడా వచ్చిన చోట, వీడియోలో అది ఎన్నో నిమిషమో మార్జిన్‌లో రాసుకోండి. గంట పాఠానికి గంటన్నర పైనే పడుతుంది, పట్టనివ్వండి. రెండింతల స్పీడు పాత పాఠం తిరగేయడానికే, కొత్తదానికి వద్దు.

వీడియో క్వాలిటీ 720పిలో పెడితే గంట పాఠానికి జీబీ డేటా దాకా పోతుంది. బోర్డు మీద అక్షరాలు కనపడితే 360పి చాలు. 20 నిమిషాలకోసారి 20 సెకన్లపాటు కిటికీలోంచి దూరంగా చూడండి, కళ్ళు మంట పుట్టవు.

ల్యాబ్ మాత్రం ఫోన్‌లో రాదు. మోర్ సాల్ట్ టైట్రేషనే తీసుకోండి, అంటే ఒక ద్రావణాన్ని కొలుస్తూ ఇంకోదాంట్లో కలిపి గాఢత కనుక్కోవడం. బ్యూరెట్‌లో, అంటే కుళాయి ఉన్న కొలత గొట్టంలో, పోసే పర్మాంగనేట్ ముదురు ఊదా కాబట్టి ద్రవం పైతలం కింది వంపు కనపడదు, రీడింగ్ పై అంచు దగ్గరే తీయాలి. ఇంతవరకు వీడియో చెప్తుంది. ఎడమచేత్తో కుళాయి తిప్పుతూ, కుడిచేత్తో ఫ్లాస్కు ఆడిస్తూ చివర్లో చుక్క చుక్కగా వదలడం మాత్రం చెయ్యే నేర్చుకోవాలి. లేత గులాబీ వచ్చి నిలబడగానే ఆపాలి. ఒక్క చుక్క ఎక్కువైనా సుమారు 0.05 మి.లీ. తేడా. రెండు రీడింగులు కలిసేదాకా మళ్ళీ చేయాల్సిందే. వీడియో చూశాం కదా అని రికార్డు కాపీ కొట్టి ల్యాబ్ ఎగ్గొట్టారో, ప్రాక్టికల్ రోజు చేతులు వణుకుతాయి.

సర్టిఫికెట్ కావాలనుకునేవాళ్ళకి ఇంకో మాట. ఎన్‌పీటెల్ 12 వారాల కోర్సులో, బాగా చేసిన 8 అసైన్‌మెంట్ల సగటుకి 25 మార్కులు, సెంటర్‌కెళ్ళి రాసే పరీక్షకి 75. మొదటిదాంట్లో కనీసం 10, రెండోదాంట్లో కనీసం 30 రావాలి. వాట్సాప్‌లో తిరిగే ఆన్సర్లు పెట్టి పాతిక్కి పాతిక తెచ్చుకున్నా, పరీక్షలో 29 వస్తే సర్టిఫికెట్ రాదు. కోర్సులో చేరడం ఉచితం. పరీక్షకి ఫీజు కట్టి విడిగా రిజిస్టర్ చేసుకోవాలి, చాలామంది మరిచేది ఇదే. ఆ గడువు తేదీ ఇవాళే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

ఇట్లు,
మీ మాస్టారు