నేలలోని గాలిని ఎలా పట్టుకుంటారు?

హైదరాబాద్

చిన్నీ, బుజ్జీ,

మీ వీధి చివర మూతపడ్డ పెట్రోల్ బంకు స్థలంలో ఎవరో నేలలోకి గొట్టాలు దింపి గాలి తీస్తున్నారని ఫోన్‌లో చెప్పారుగా. "మట్టి తవ్వి చూస్తే సరిపోదా తాతయ్యా?" అని కూడా అడిగారు. సరిపోదర్రా. వాళ్లు వెతికేది నేలలోకి కారిన పెట్రోల్ జాడ. అందులో ఉండే బెంజీన్ లాంటి రసాయనాలు గాలి తగిలితే చాలు ఎగిరిపోతాయి. తవ్విన మట్టి ల్యాబుకు చేరేసరికి దొంగ పారిపోయి ఉంటాడు. అందుకే మట్టి రేణువుల సందుల్లో ఉన్న గాలినే నేరుగా తీస్తారు.

సన్నని గొట్టాన్ని మీటరున్నర లోతు దాకా దింపి, చుట్టూ ఖాళీ లేకుండా తడిపిన బెంటోనైట్ మట్టి కూరుతారు. తడిస్తే ఉబ్బే మట్టి అది. గొట్టంలో ముందే ఉన్న గాలిని తీసి పారేశాక అసలు నమూనా పడతారు, అదీ నిమిషానికి 200 మిల్లీలీటర్లు మించకుండా, నెమ్మదిగా. గట్టిగా లాగితే పైగాలి కిందికి దిగి కలిసిపోతుంది. చిల్లిపడ్డ స్ట్రాతో కొబ్బరినీళ్లు పీల్చినట్టు!

మరి పైగాలి కలవలేదని నమ్మకమేంటి? ఇక్కడి కిటుకు నాకు భలే ఇష్టం. గొట్టం నేలలోకి దిగిన చోట ఒక డబ్బా బోర్లించి, అందులో హీలియం నింపుతారు. నమూనాలో హీలియం గట్టిగా కనబడిందా, ఎక్కడో లీకు ఉన్నట్టే. సరిచేసి మళ్లీ మొదలు.

ల్యాబు రిపోర్టు రాకముందే చేతిలోని మీటరు కొంత చెప్పేస్తుంది. నేలలోని సూక్ష్మజీవులు పెట్రోల్‌ని తింటూ ఆక్సిజన్ వాడేసి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. మొదటిది పడిపోయి రెండోది పెరిగిందంటే కింద ఏదో ఉందని అనుమానించాల్సిందే.

వాన పడ్డాక ఈ పని పెట్టుకోరు. సందులన్నీ నీళ్లతో నిండితే గాలి రాదు. మన జూలై, ఆగస్టుల్లో కుదిరే రోజులు తక్కువే.

ఇంత తంటా ఎందుకంటే, రేపు అక్కడ అపార్ట్‌మెంట్ లేస్తే ఆ ఆవిరి నేల పగుళ్లలోంచి సెల్లార్‌లోకీ, ఇళ్లలోకీ వస్తుంది. పాత చెత్తకుప్పల దగ్గరైతే చెత్త కుళ్లి పుట్టే మీథేన్ వాయువు భయం. గాలిలో 5 నుంచి 15 శాతం కలిస్తే పేలడానికి నిప్పురవ్వ చాలు. 1986 మార్చిలో ఇంగ్లండ్‌లోని లోస్కో ఊళ్లో వాతావరణ పీడనం ఒక్కసారిగా పడిపోయింది. పైనుంచి ఒత్తిడి తగ్గేసరికి చెత్తకుప్పలోని వాయువు నేల దాటి ఒక ఇంట్లోకి చేరి పేలింది. ఇల్లు నేలమట్టమైంది, ముగ్గురు గాయపడ్డారు. అందుకే నమూనా తీసిన రోజు పీడనం ఎంతో కూడా రాసి పెట్టుకోవాలి. ఆ ఒక్క అంకె లేని రిపోర్టును నేనైతే సగమే నమ్ముతాను.

ఈసారి వాళ్లు వస్తే, కంచె ఇవతలే నిలబడి, హీలియం డబ్బా వాడుతున్నారా అని అడిగి నాకు రాయండి.

మీ తాతయ్య