బెంగళూరు పార్సిల్: ఒక అనంతపురం హోటలువాడి అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో మా నాయన పెట్టిన హోటలును ఇరవై ఆరేళ్ళుగా నేను నడుపుతున్నాను. పొద్దున టిఫిన్లు, మధ్యాహ్నం భోజనం. సోమవారం నాడు గల్లాపెట్టె దగ్గర కూర్చోగానే ఫోను మోగిందంటే, ఎత్తకముందే నాకు సంగతి సగం తెలిసిపోతుంది. "అన్నా, నిన్న మీ దగ్గర కట్టించుకుపోయినాము గదా, రాత్రి తిన్నాక పిల్లోనికి ఒకటే వాంతులు. ఏమేసినారన్నా అందులో?" అని అవతలివారు అడుగుతారు. అలా అడిగేవారిలో ఎక్కువమంది మా ఊరి బిడ్డలే. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీలోనో జేఎన్‌టీయూలోనో చదువుకుని, బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ, నెలకో రెండు నెలలకో అమ్మానాన్నలను చూడటానికి వచ్చినప్పుడు, తాము చిన్నప్పుడు తిన్న రుచిని పిల్లలకు కూడా చూపించాలని మా హోటలుకు వస్తారు.

వాళ్ళు రావడం నాకు పండుగ. తాము కూర్చునే బల్ల ఇదేనని పిల్లలకు చూపిస్తారు. ఉగ్గాని (నానబెట్టిన బొరుగులకు పెట్టే పోపు) పళ్ళెంలో బజ్జీ ఏ పక్కన పెట్టేవాళ్ళో, మిరపకాయ బజ్జీని చీల్చి ఉల్లిపాయ ముక్కలు కూరి నిమ్మకాయ ఎలా పిండేవాళ్ళో, ఎర్రకారం పూసిన దోశ మీద పప్పుల పొడి ఎంత చల్లేవాళ్ళో నాకే గుర్తు చేస్తారు. కడుపు నిండినా మనసు నిండదు కాబట్టి లేచేటప్పుడు నాలుగు పార్సిళ్ళు కట్టమంటారు. తంటా అంతా ఆ పార్సిలుతోనే మొదలవుతుంది.

అపోహ: ఇంటికి చేరాక బాగా వేడి చేసుకుంటే ఎన్ని గంటలైనా ఏమీ కాదు.

ఈ ఒక్క మాట మా జనానికి చేసినంత చేటు సోడా, అజినమోటో, రంగు అన్నీ కలిసినా చేసి ఉండవు. వాస్తవం ఏమిటంటే, వేడి చేయడం వల్ల చచ్చేది క్రిమి మాత్రమే. అది అప్పటికే విడిచిపెట్టిన విషం చావదు. బియ్యంలో, పిండిలో, మట్టిలో సహజంగా ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి గింజలాంటి రూపంలో దాగి ఉంటుంది. చెరువు ఎండిపోయినా మట్టిలో పడి ఉండి నాలుగు చినుకులకు మొలిచే గరికను మనం చూడనిది కాదు, ఇదీ అంతే. అన్నం ఉడికినా ఆ గింజ చావకుండా ఉంటుంది, అన్నం గోరువెచ్చగా మారగానే మొలిచి, గంటల కొద్దీ పెరిగి, వాంతులు కలిగించే విషాన్ని వదులుతుంది. ఆ విషం 121 డిగ్రీల వేడికి కూడా విరగదు. ఇక మీ ఇంటి పొయ్యి మీద అయిదు నిమిషాలు కాచినా, ఓవెన్‌లో రెండు నిమిషాలు తిప్పినా దానికి లెక్క ఏముంటుంది? చేతుల నుంచి, ముక్కు నుంచి తిండిలోకి చేరే స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే మరొక క్రిమి వదిలే విషం కూడా మరిగించినంత మాత్రాన పోయేది కాదు.

దీనికి కవల పిల్లలాంటి అపోహ ఇంకొకటి ఉంది: వాసన రాలేదు, పుల్లబడలేదు, కాబట్టి చెడలేదని అనుకోవడం. ఈ విషాలకు వాసనా లేదు, రుచీ లేదు. జిగట సాగిన అన్నాన్ని ఎవరూ తినరు. జనాన్ని పడకేయించేది చూడటానికి శుభ్రంగా ఉన్న అన్నమే.

కిందటి వేసవిలో జరిగిన ఒక సంగతి చెబుతాను. ఒక ఆదివారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఒక కుటుంబం సంగటి, నాటుకోడి పులుసు, నాలుగు చిత్రాన్నాలు కట్టించుకున్నారు. బెంగళూరు 200 కిలోమీటర్లకు పైబడి ఉన్నా, నాలుగు గంటల ప్రయాణమే కదా అని నేనూ కట్టించాను. వాళ్ళు దారిలో లేపాక్షి చూశారు, నంది దగ్గర ఫోటోలు దిగారు, చిక్కబళ్ళాపురం దాటాక ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారు. పార్సిలు మాత్రం అంతసేపూ కారు డిక్కీలోనే ఉంది. బయటే 41 డిగ్రీల ఎండ ఉన్న రోజు, మూసిన డిక్కీలో ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి. రాత్రి తొమ్మిదింటికి వేడి చేసుకుని తిన్నారు, పదకొండింటికి ఇద్దరు పిల్లలకూ వాంతులు పట్టుకున్నాయి. అదే పొయ్యి మీద, అదే గుండిగలో వండినది మధ్యాహ్నం మా హోటల్లో కూర్చుని తిన్నవారు ఎవరూ ఫిర్యాదు చేయలేదని, ఫోను చేసిన ఆ పిల్లల తల్లికి నేను చెప్పవచ్చు. కానీ రాత్రంతా పిల్లల వీపు నిమురుతూ కూర్చున్న మనిషికి ఆ లెక్కలు చెప్పబుద్ధి కాలేదు. ఓఆర్ఎస్ ప్యాకెట్టును దాని మీద రాసినంత నీళ్ళలో కలిపి గుటక గుటకగా తాగించమని, మూత్రం తగ్గినా, మగతగా పడి ఉన్నా, వాంతిలోనో విరేచనంలోనో రక్తం కనిపించినా క్షణం ఆగకుండా డాక్టరు దగ్గరకు తీసుకుపొమ్మని చెప్పాను. తేరుకున్నారు.

ఆమెను తప్పు పట్టే అర్హత నాకు లేదు, ఎందుకంటే ఆ అపోహను చాలా ఏళ్ళు గిరాకీలకు పంచినవాడిని నేనే. "వేడి చేసుకోండి సామీ, ఏమీ కాదు" అంటూ పార్సిలు చేతిలో పెట్టి పంపేవాడిని. ఒకసారి మధ్యాహ్నం మిగిలిన చిత్రాన్నాన్ని సాయంత్రం బస్సులో ధర్మవరం వెళ్ళే పిల్లవాడి చేత మా చెల్లెలికి పంపించాను. మరునాడు మా మేనకోడలికి ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. మా చెల్లెలు నన్ను ఒక్క మాట అనలేదు. దాదాపు ఏడాది పాటు మా హోటలు నుంచి ఏది పంపినా గిన్నె కడిగి తిరిగి పంపేది గానీ తిన్నామని మాత్రం చెప్పేది కాదు. తరువాత హోటళ్ళవాళ్ళకు తిండి భద్రత నేర్పే ఫోస్టాక్ శిక్షణకు వెళ్ళినప్పుడు, తిండి 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ నడుమ ఉన్నంతసేపూ క్రిములకు విందేనని చెబుతూ అక్కడివారు బోర్డు మీద గీత గీస్తుంటే, నాకు ఆ చిత్రాన్నం స్టీలు డబ్బానే కళ్ళ ముందు కనిపించింది.

కాబట్టి లెక్క ఇదీ. వండినది రెండు గంటల్లో తినాలి, లేదా ఫ్రిజ్‌లో చేరాలి. మా ఎండాకాలంలో ఆ రెండు గంటలను ఒకటిగా లెక్కపెట్టుకోవాలి. హాట్‌ప్యాక్ డబ్బాను నమ్ముకునేవారు ఒకటి గమనించాలి: అందులో తిండి 60 డిగ్రీలకు పైన ఉన్నంతసేపే అది రక్షణ, అంతకన్నా దిగిందంటే ఆ డబ్బానే కోడిగుడ్లను పొదిగే గంపలాగా క్రిములను పొదుగుతుంది. వేడి పదార్థం ఫ్రిజ్‌లో పెట్టకూడదని పెద్దలు చెప్పిన మాట పట్టుకుని రాత్రంతా వంటింటి గట్టు మీద చల్లార్చేవాళ్ళు ఉన్నారు. వెడల్పాటి పళ్ళేలలో పలచగా పరిస్తే అరగంటలో ఆవిరి పోతుంది, ఆపైన నిశ్చింతగా లోపల పెట్టవచ్చు. అన్నింటికన్నా పెంకి సరుకు చట్నీ. కొబ్బరి, పప్పులు, చెనక్కాయలు (వేరుశనగలు), నీళ్ళు కలిపి రుబ్బి, దాన్ని వేడి ఇడ్లీల పొట్లం మీదే కట్టించుకుపోతే అది మధ్యాహ్నానికి నిలుస్తుందని ఎవరు అనుకోగలరు? అయినా అనుకుంటున్నారు. మేము దూరప్రయాణం అని తెలిస్తే చట్నీ కట్టడం మానేశాం. కొందరు అలిగారు, అలగనిమ్మన్నాను. హోటళ్ళ తప్పు లేదని కూడా నేను అనను: పొద్దున పదకొండింటికి వార్చిన అన్నాన్ని గంపలో గుడ్డ కప్పి మూడింటిదాకా గోరువెచ్చగా వడ్డించే చోట, పార్సిలుకు ముందే సగం ప్రమాదం జరిగిపోయి ఉంటుంది. అన్నం పొగలు కక్కుతూ రాకపోతే గిరాకీ అడగాలి, అడిగే హక్కు ఉంది.

మిగతా అపోహల మీద ఎక్కువసేపు కూర్చోను. ఇడ్లీ మెత్తగా ఉంటే సోడా వేసినట్టేనని అనేవారికి: మెత్తదనం ఉద్దిపప్పుది (మినప్పప్పుది), రాత్రంతా పొంగిన పిండిది, సోడా ఎక్కువైతే ఇడ్లీకి పసుపు ఛాయ, నోటికి సబ్బు రుచి వస్తాయి, దాచినా దాగదు. అజినమోటో విషమని భయపడేవారికి: అది 1908లో జపానులో సముద్రపు నాచు నుంచి కనుక్కున్న ఉప్పు. దానిలోని గ్లూటమేటు టమాటాలోనూ ఉంది, పైగా ఉగ్గానిలో దానికి పనే లేదు. ప్లాస్టిక్ బియ్యం మాట ఎత్తితే నాకు విసుగు వస్తుంది. రేషనులో ఇచ్చిన ఫోర్టిఫైడ్ (బలం చేర్చిన) బియ్యంలో నూటికి ఒకటి చొప్పున ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపిన గింజలు ఉండేవి, అవి రంగులో కొంచెం తేడాగా కనిపిస్తే వాటినే ప్లాస్టిక్ అనుకున్నారు. వాటిని ఏరి పారేసినవాళ్ళు తమ బిడ్డల రక్తానికి పట్టాల్సిన బలాన్నే పారేశారు. నూనె విషయంలో మాత్రం మీ భయం సబబే. కాగిన నూనెలో పోలార్ పదార్థాలు (పదేపదే కాచితే నూనె విరిగి పుట్టేవి) 25 శాతం మించితే దాన్ని వాడకూడదని 2018 జులై నుంచి నిబంధన ఉంది. బజ్జీల బాణలిలో నూనె నల్లబడి, నురుగు కట్టి, పొయ్యి తగ్గించినా పొగ వస్తుంటే, ఆ బజ్జీ ఎంత పాత స్నేహితురాలైనా వదిలేయండి.

ఆ రోజుల్లో హోటళ్ళు ఎంతో శుభ్రంగా ఉండేవని, ఇప్పుడే అంతా కల్తీ అయిందని ప్రతి వారం ఎవరో ఒకరు నిట్టూరుస్తారు. నేను ఆ రోజుల్లోనే మా నాయన హోటల్లో బల్లలు తుడిచినవాడిని కాబట్టి నిజం చెబుతాను. ఒకే తడిగుడ్డతో పన్నెండు బల్లలూ తుడిచేవాణ్ణి. టీ గ్లాసులను ఒకే బకెట్టులో ముంచి తీసేవాళ్ళం; మధ్యాహ్నానికి ఆ నీళ్ళే టీ రంగుకు తిరిగేవి. బజ్జీలు పాత పేపరులో కట్టేవాళ్ళం, ఆ అచ్చు సిరా నూనెకు కరిగి బజ్జీకి అంటేది, ఇప్పుడు అది కూడదు. అయినా ఆ రుచి అబద్ధమని నేను అనను. పిండి రుబ్బురోట్లో రుబ్బేవాళ్ళం, పొరకతో నీళ్ళు చల్లితే పెనం బుస్సుమనేది, అప్పుడే దించిన దోశ బల్ల మీదకు వచ్చేలోపు చల్లారేది కాదు. హోటలు తిండి అంటే ఏడాదికి నాలుగైదు సార్లు, జీతం రోజునో పరీక్ష పాసైన రోజునో నాన్న చెయ్యి పట్టుకుని వచ్చి తినేది. పార్సిలు అడిగేవాళ్ళు అసలు ఉండేవారు కాదు. ఇంట్లో ఉన్నవాళ్ళకు తేవాలనిపిస్తే మరునాడు వాళ్ళనే వెంటబెట్టుకుని వచ్చేవారు.

ఇప్పుడు మా దగ్గర బెంగళూరు పార్సిలు అని అడిగితే కట్టేది వేరు. ఒక కవరులో తడి తగలని బొరుగులు, ఒక పొట్లంలో ఎండుకొబ్బరి వేసి దంచిన పప్పుల పొడి, ఒక సీసాలో చెనక్కాయల పొడి, వేళను బట్టి కడక్ జొన్న రొట్టెలు, నిప్పట్లు. ఇవి డిక్కీలో పడి ఉన్నా భయం లేదు. ఉగ్గాని చేసుకునే తీరు బిల్లు చీటీ వెనుక నేనే పెన్నుతో రాసి ఇస్తాను: బొరుగులు నీళ్ళలో వేసి, నానగానే పిండి తీయాలి, పోపులో ఉల్లిపాయ మరీ ఎర్రబడకూడదు, పసుపు చిటికెడు, పొడి చివర్లో, నిమ్మకాయ పొయ్యి ఆర్పాక. మొన్న సోమవారం మళ్ళీ ఫోను మోగింది, అలవాటు ప్రకారం గుండె దడదడలాడింది. అవతల ఆమె నవ్వుతోంది: "అన్నా, చీటీలో పచ్చిమిరపకాయలు ఎన్నో రాయలేదే?"