సీసాకు చిక్కనిది ఆల్చిప్పకు చిక్కుతుంది

తుపాను తీరం దాటిన మూడో రోజు కృష్ణపట్నం దగ్గర కండలేరు ఉప్పుటేరులో ఒక సీసా ముంచి, ఆ నీళ్లను ల్యాబ్‌కు పంపారనుకుందాం. రిపోర్టులో పెద్దగా ఏమీ ఉండకపోవచ్చు. అంతమాత్రాన ఏమీ కొట్టుకురాలేదని కాదు. పొలాల్లో చల్లిన పురుగుమందు, గట్లు తెగిన రొయ్యల చెరువుల నీళ్లు, రోడ్ల మీది ఆయిల్, పడవల డీజిల్ చాలావరకు తొలి వరదతోనే మొగ దాటి సముద్రంలో పడిపోయి ఉంటాయి. మిగిలింది కూడా అంత వాన నీటిలో యంత్రానికి అందనంతగా పలచబడిపోతుంది.

అదే ఉప్పుటేర్లలో రాళ్లకీ, వంతెన స్తంభాలకీ అతుక్కుని ఉంటాయి ఆల్చిప్పలు. నీళ్లలో దిగినవాళ్ల కాళ్లు కోసే ఆ పదును గుల్లలే. మన వైపు వీటిని తినేవాళ్లు తక్కువ, గుల్లలు కాల్చి సున్నం చేయడమే ఎక్కువ. ఇవి ఉన్నచోటి నుంచి కదలవు. గంటకు కొన్ని లీటర్ల నీటిని మొప్పల గుండా లాగి, కంటికి కనపడని నాచును తిని, మిగతాది వదిలేస్తాయి. ఆ తిండితో పాటే కాడ్మియం, రాగి, డీడీటీ, చమురు రసాయనాలు ఒంట్లో చేరతాయి. కాడ్మియం లాంటి లోహాలను మెటలోథయోనిన్ అనే ప్రోటీన్ పట్టి ఉంచుతుంది. చమురులోని పాలీ అరోమాటిక్ హైడ్రోకార్బన్లను చేప తన కాలేయంలో చకచకా విరగ్గొట్టుకుంటుంది. ఆల్చిప్పకు ఆ శక్తి చాలా తక్కువ. కాబట్టి చేపలో కనపడనిది దీనిలో దొరుకుతుంది. చుట్టూ ఉన్న నీటి కంటే కొన్ని రసాయనాలు దీని ఒంట్లో వేల రెట్లు పోగుపడతాయి.

1975లో అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ ‘మస్సెల్ వాచ్’ అనే పేరుతో, నీటికి బదులు మస్సెల్, ఆల్చిప్ప లాంటి గుల్లజీవులను పరీక్షించి తీరపు కాలుష్యాన్ని కొలవాలన్న ఆలోచనను ముందుకు తెచ్చారు. 1986 నుంచి అక్కడ సముద్రాలు, వాతావరణం సంగతి చూసే ప్రభుత్వ సంస్థ నోవా దీన్ని తీరమంతా నడుపుతోంది. 2005లో కత్రినా తుపాను తర్వాత గల్ఫ్ తీరపు ఆల్చిప్పలను పాత ఏళ్ల లెక్కలతో పోల్చి చూడగలిగారంటే, పోల్చడానికి ఆ లెక్కలంటూ ఉండబట్టే. 1990లలో ఆసియా, పసిఫిక్ దేశాల్లో ఇలాంటి పరిశీలనే జరిగినప్పుడు మన దేశపు పచ్చ ఆల్చిప్పలనూ (గ్రీన్ మస్సెల్, ఇది వేరే జాతి) పరీక్షించారు.

అయితే ఇందులో ఒక చిక్కుంది. నీళ్లలో ఉప్పు బాగా తగ్గితే ఆల్చిప్ప రెండు చిప్పలూ బిగించేసుకుంటుంది, అలా రోజుల తరబడి ఉండగలదు. అంటే వరద ఉరవడిగా పోతున్నంతసేపూ అది తలుపేసుకుని కూర్చుంటుంది. మూడో రోజు వెళ్లి కోసి చూస్తే దొరికేది తుపానుకు ముందటి లెక్కే. పోనీ నెలలు ఆగుదామంటే, చమురు రసాయనాలు కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో ఒంట్లోంచి దిగిపోతాయి. లోహాలు మాత్రం అంత తొందరగా పోవు. నీళ్లు మళ్లీ ఉప్పెక్కి, అది నోరు తెరిచాక రెండు మూడు వారాలకు ఒకసారి, ఇంకో నెలకు మరోసారి తీయడం మంచిదని నా ఉద్దేశం.

అంకె పెద్దదిగా కనిపించగానే టెన్షన్ పడనక్కర్లేదు. తుపాను అలలు అడుగు బురదను కలిపేస్తాయి, ఏళ్ల కిందట పూడుకుపోయిన విషాలు మళ్లీ పైకి తేలతాయి. కొత్తగా ఎవరూ ఏమీ వదలకపోయినా లెక్క పెరుగుతుంది. గుడ్లు వదిలాక ఒంట్లో కొవ్వు తగ్గుతుంది, కొవ్వులో కరిగి ఉండే డీడీటీ అంకె దాంతోపాటే మారుతుంది. జింక్ సంగతి ఇంకా విచిత్రం. రాళ్లకు అతుక్కునే ఆల్చిప్పకు జింక్ దాచుకోవడం పుట్టుకతో వచ్చిన గుణం. పచ్చ ఆల్చిప్ప అలా దాచుకోదు. దీన్నీ దాన్నీ పక్కపక్కన పెట్టి పోలిస్తే వచ్చేది తప్పుడు లెక్క.

2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను నెల్లూరు తీరం పక్కగా సాగి, 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. అదే తుపాను వానలకు చెన్నైలోని మనాలి పారిశ్రామిక ప్రాంతం నుంచి వరద నీటితో చమురు ఎన్నూరు క్రీక్‌లోకి చేరింది. పడవలకూ మడ చెట్లకూ పట్టిన నల్లటి జిడ్డు అందరి కంటా పడింది కాబట్టి పెద్ద వార్త అయింది. పురుగుమందుకూ కాడ్మియానికీ అలాంటి రంగు లేదు.

మన నెల్లూరు, ప్రకాశం తీరానికి పెద్ద వానలు ఈశాన్య ఋతుపవనాలతోనే, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. కాబట్టి పని సెప్టెంబర్‌లోనే మొదలుపెట్టాలి. శుభ్రమైన చోటి నుంచి ఒకే సైజు ఆల్చిప్పలు తెచ్చి, వల సంచుల్లో పోసి కండలేరు ఉప్పుటేరులో, పెన్నా మొగలో, ప్రకాశం వైపు గుండ్లకమ్మ మొగలో వేలాడదీయాలి. కొన్నింటిని అప్పుడే ల్యాబ్‌కు పంపేస్తే ముందటి లెక్క చేతిలో ఉంటుంది. తీసిన ప్రతిసారీ ఒక రోజు శుభ్రమైన సముద్రపు నీటిలో ఉంచితే పొట్టలోని బురద పోతుంది. లేదంటే మనం కొలిచేది బురదనే. ఒక్కొక్కటీ విడిగా కాకుండా ఇరవై ముప్పై కలిపి పరీక్షిస్తారు, ఏ ఒక్కదాని తేడా వల్లో లెక్క తప్పకుండా.

ఖర్చంతా ల్యాబ్ పరీక్షలకే. వల, తాడు, కట్టే చెయ్యి మన రేవుల్లోనే ఉన్నాయి. సంచిని దొంగలు ఎత్తుకుపోతారన్న భయం లేదు గానీ, పెన్నాకు వరదొస్తే తాడు ఆగుతుందన్న నమ్మకమూ లేదు. ప్రతి చోటా రెండు సంచులు కట్టాలి, రెండోది స్తంభం చాటున, ప్రవాహం నేరుగా తగలని వైపు.