లెన్స్ పవర్ ఎక్కడ తప్పుతోంది? విశాఖ తగాదా వెనక కొలతల కథ

శుక్లం ఆపరేషన్ చేయించుకున్నాక కూడా దూరపు చూపుకి అద్దాలెందుకు రాశారని విశాఖలో మళ్లీ రచ్చ మొదలైంది. ఒక్కో కన్ను ఒక్కోలా మానుతుందన్నది ఆసుపత్రుల జవాబు. కొంతవరకు నిజమే. కానీ ఇలాంటి ఫిర్యాదు వస్తే ముందుగా తెరవాల్సింది కేస్ షీట్‌లో కొలతల పేజీ. శుక్లం తీసి కంట్లో పెట్టే కృత్రిమ లెన్స్ పవర్ తేలేది ఆ కొలతల్లోంచే.

1949లో లండన్‌లో కంటి డాక్టర్ హెరాల్డ్ రిడ్లీ కంట్లో తొలి కృత్రిమ లెన్స్ వేసిన సంగతి అందరికీ తెలిసిందే. మనకు మలుపు 1994. ఆ ఏడు ప్రపంచబ్యాంకు సాయంతో మన రాష్ట్రం సహా ఏడు రాష్ట్రాల్లో శుక్లం ప్రాజెక్టు మొదలై 2002 దాకా సాగింది. అంతకుముందు శిబిరాల్లో శుక్లం తీసేసి +10 సోడాబుడ్డి అద్దాలు చేతిలో పెట్టేవారు. నంబరు అటూ ఇటూ అయితే అద్దం మార్చుకుంటే సరి. లెన్స్ కంటిలోకి వెళ్లాక ఆ వెసులుబాటు పోయింది, నంబరు ఆపరేషన్‌కి ముందే తేలాలి. శిబిరాల జోరు మాత్రం అలాగే ఉండిపోయింది. కొన్నిచోట్ల కొలవకుండానే అందరికీ ఒకే పవర్ వేసిన రోజులూ ఉన్నాయి.

కొలిచే దారి అప్పటికే ఉంది. 1980 నాటి ఎస్ఆర్‌కే సూత్రం: ఏ-కాన్‌స్టంట్ (ఒక్కో లెన్స్ మోడల్‌కి ఉండే స్థిర సంఖ్య) లోంచి, కంటి పొడవుకి 2.5 రెట్లు, కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) వంపుకి 0.9 రెట్లు తీసేయాలి. ఏ-కాన్‌స్టంట్ 118.4, పొడవు 23.5 మి.మీ., వంపు 44 డయాప్టర్లు (కాంతిని వంచే శక్తికి కొలమానం) అయితే పవర్ దాదాపు 20. అల్ట్రాసౌండ్‌తో కంటి పొడవు కొలిచే ఏ-స్కాన్ ప్రోబ్‌ని కార్నియాకి గట్టిగా ఆనిస్తే పొడవు 0.3 మి.మీ. దాకా తగ్గి కనబడుతుంది. అప్పుడు 20.8 వస్తుంది, రోగికి అర నంబరు మైనస్ మిగులుతుంది. పొట్టి, పొడుగు కళ్లకు ఈ పాత సూత్రం నప్పదు, కొత్తవి వాడాలి.

1999లో కంటికి ఆనకుండా కాంతితో కొలిచే ఐఓఎల్ మాస్టర్ అనే యంత్రం వచ్చింది. అయితే పాడేరు, అరకు వైపు నుంచి ఆలస్యంగా వచ్చే ముదురు శుక్లంలోంచి కాంతి దూరదు. వాళ్లకు ప్రోబ్ కార్నియాని నొక్కకుండా, కంటి మీద నీటి కప్పు పెట్టి చేసే ఇమ్మర్షన్ ఏ-స్కానే గతి. కంటి వెనక పొర రెటీనా చూడటానికి బీ-స్కాన్ అనే అల్ట్రాసౌండ్ చిత్రం కూడా తీయాలి. ఎండలో, ఉప్పుగాలిలో వేటాడే మత్స్యకారుల్లో నల్లగుడ్డు మీదికి కండ పాకి వంపు లెక్క మారిపోతుంది. కండ పెద్దదైతే ముందు దాన్ని తీసి, కార్నియా కుదురుకున్నాకే కొలవాలి. కండ తీయడం, శుక్లం ఆపరేషన్ ఒకే రోజు కానిచ్చేస్తే లెక్క తప్పినట్టే.

ఇప్పుడు కొత్త చిక్కు: ఒకప్పుడు లేజర్‌తో మైనస్ అద్దాలు వదిలించుకున్నవాళ్లు శుక్లానికి వస్తున్నారు. లేజర్‌తో చెక్కిన కార్నియాని, వంపు కొలిచే మామూలు కెరటోమీటర్ సరిగా చదవలేదు. పవర్ తక్కువ వచ్చి చూపు ప్లస్ వైపు జారుతుంది. పాత కాగితాలు అడగాలి, లేజర్ తర్వాతి కళ్ల సూత్రాలు వాడాలి.

వరస కూడా ముఖ్యమే. వంపు ముందు, ప్రోబ్ ఆనించడం తర్వాత. మెత్తని కాంటాక్ట్ లెన్స్ వాడేవాళ్లు కనీసం వారం ముందే ఆపాలి, గట్టివైతే ఇంకా ముందు. రెండు కళ్ల పొడవులో 0.3 మి.మీ., వంపులో 1 డయాప్టర్ మించి తేడా ఉంటే మళ్లీ కొలవాలి. ఆఖరి నిమిషంలో వేరే మోడల్ లెన్స్ అందుకుంటే ఏ-కాన్‌స్టంట్ మారుతుంది: 118.4 బదులు 118.9 అయితే సూత్రం అర పవర్ ఎక్కువ అడుగుతుంది. ఆ లెక్క తిరిగి వేశారా లేదా అన్నది కేస్ షీట్‌లో అతికించిన లెన్స్ స్టిక్కర్‌ని (వేసిన లెన్స్ మోడల్, పవర్ ఉండేది), కొలతల కాగితాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది.