లెన్సు ఊడదీసి తీసిన ఫోటో

మా వంటింటి పొయ్యి గట్టు చీమకుర్తి రాయి. ఒంగోలు చుట్టుపక్కల అదేం వింత కాదు. నల్లటి రాయి మీద ఇత్తడి రజను చల్లినట్టు మెరిసే బ్లాక్ గెలాక్సీ అది. పేరుకే గ్రానైట్; భూగర్భ శాస్త్రం దీన్ని గాబ్రో జాతిలో వేస్తుంది. మెరిసే చుక్కలు బ్రోంజైట్ అనే ఖనిజం.

ఒక ఆదివారం పొద్దున కిటికీ వెలుతురులో ఆ గట్టుని ఏటవాలుగా ఫోటో తీయబోయాను. ఎప్పటిలాగే మధ్యలో బెత్తెడు మేర చుక్కలు స్పష్టంగా ఉన్నాయి, ముందూ వెనకా మసక. అప్పుడు లెన్సు ఊడదీసి, కెమెరా మూతికి ఆనించి చేత్తో పట్టుకున్నాను. కింది అంచు ఆనే ఉంది, పై అంచు దగ్గర సన్నటి సందు. అంటే లెన్సు ముఖం గట్టు వైపు కొద్దిగా వంగిందన్నమాట. ఆ కొసనుంచి ఈ కొసదాకా చుక్కలన్నీ ఒక్కసారిగా తేలాయి.

"ఏందిరా, పొయ్యి గట్టుక్కూడా ఫోటోలా?" అంది అమ్మ.

ఫోకస్ అంటే కెమెరా ముందు నిలబెట్టిన కనపడని గాజు పలక అనుకోండి. ఆ పలక మీద ఉన్నవే స్పష్టంగా పడతాయి. లెన్సు బిగించి ఉన్నంతసేపూ ఆ పలక సెన్సర్‌కి, అంటే కెమెరాలో బొమ్మ పడే చోటుకి, సమాంతరంగా నిలబడే ఉంటుంది. లెన్సు వంచితే పలక కూడా వాలుతుంది, మనం వంచిన దానికన్నా చాలా ఎక్కువగా. అప్పుడు సెన్సర్ తలం, లెన్సు తలం, ఫోకస్ తలం మూడూ ఒకే గీత దగ్గర కలుస్తాయి, తెరిచిన పుస్తకంలో మూడు పేజీలు కుట్టు దగ్గర కలిసినట్టు. గాల్లోంచి తీసిన ఫోటోల్లో వంకర సరిచేయడానికి తంటాలు పడుతూ ఆస్ట్రియా సైన్యంలోని కెప్టెన్ థియోడోర్ షైమ్‌ఫ్లగ్ 1904లో దీనిమీద పేటెంట్ తీసుకున్నాడు. ఆయనకంటే ముందే, 1901లో, ఫ్రాన్సులో జూల్ కార్పాంతియే ఇదే సంగతి పట్టుకున్నాడు. పేరు మాత్రం షైమ్‌ఫ్లగ్‌కే దక్కింది.

ఇక ఆ సందు సంగతి. 50 మి.మీ. లెన్సుని అనంత దూరానికి ఫోకస్ చేసి, వంచకుండా 1 మి.మీ. ముందుకి జరిపితే చాలు, దూరపు కొండలు పోయి రెండున్నర మీటర్ల దగ్గరున్న మనిషి ఫోకస్‌లోకి వస్తాడు. ఏటీఎం కార్డు మందం కన్నా కాస్త ఎక్కువ, అంతే. 10 మి.మీ. జరిపితే 30 సెంటీమీటర్ల దగ్గరున్నది. 50 మి.మీ. జరిపితే వస్తువు ఎంతుందో సెన్సర్ మీద బొమ్మ అంతే పడుతుంది. వేలు వణికితే ఫోటో ఎందుకు పోతుందో ఈ లెక్కలోనే ఉంది. నాకు ఇరవైకి ఒకటి కుదిరితే గొప్ప.

లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల వాళ్లకి, దూరపు కొండలు పోయే ఈ బాధ తక్కువ. పాత నికాన్ లెన్సు సెన్సర్‌కి 46.5 మి.మీ. దూరంలో బిగుసుకోవాలి, సోనీ మిర్రర్‌లెస్ బాడీలో ఆ దూరం 18 మి.మీ.లే. మిగిలిన 28.5 మి.మీ.ల్లో లెన్సుని ఎలా వంచుకున్నా కొండలు చేజారవు.

లెన్సు మాత్రం ఎపర్చర్ రింగ్, అంటే వెలుతురు దూరే రంధ్రాన్ని పెద్దదీ చిన్నదీ చేసే రింగ్, ఉన్న పాతదైతే మేలు. నాది ఒక స్టూడియోలో బీరువా అడుగున పడి ఉన్న ఫిల్ము కాలపుది. రింగ్ లేని నికాన్ జీ లెన్సులు ఊడదీయగానే రంధ్రం ముడుచుకుంటాయి, తీసినా చీకటే. ఎక్స్‌పోజర్ మాన్యువల్‌లో పెట్టాలి. లెన్సు లేకపోతే క్లిక్‌మనని కెమెరాలుంటే మెనూలో దానికో ఆప్షన్ ఉంటుంది.

సందులోంచి దూరే వెలుతురు నలుపుని బూడిద రంగు చేస్తుంది, ఓ పక్క తెల్లటి పొరలా పరుచుకుంటుంది. దీనికోసమే లెన్సు ఊడదీసేవాళ్లున్నారు. నా గట్టు ఫోటోల్లో మాత్రం అది శుద్ధ దండగ. నల్లరాయి నల్లగా ఉంటేనే చుక్కకి అందం. అందుకే సందు చుట్టూ వేళ్లు అడ్డం పెడతాను.

ఆ ఊపులో కొత్తపట్నం బీచ్‌కీ వెళ్లాను. పొద్దున్నే పడవలు, వలలు, మంచి గాలి. ఫోటోలు బాగానే వచ్చాయి. వారం తర్వాత లెన్సు బిగించి, రంధ్రం బాగా చిన్నది చేసి ఎఫ్/16లో ఆకాశం తీస్తే తెలిసింది, కుడి మూల మూడు నల్ల మచ్చలు. రంధ్రం పూర్తిగా తెరిచి ఉంటే వెలుగు అన్ని వైపులనుంచీ వచ్చి దుమ్ము నీడని చెరిపేస్తుంది. రంధ్రం చిన్నదైతే నీడ గట్టిగా పడుతుంది. అంటే మచ్చలు బీచ్‌లోనే పడ్డాయి, నాకే కనపడలేదు.

సెన్సర్ శుభ్రం చేయించాక నాకో పద్ధతి ఏర్పడింది. బీచ్‌లో లెన్సు బిగించే ఉంటుంది. ఊడదీసేది వంటింట్లోనే, అదీ ఫ్యాను కట్టేసి.